ఒత్తిడిపై యోగా, ధ్యానం ప్రభావం

ఆరోగ్యవంతులైన వయోజనుల్లో మానసిక ఒత్తిడిని తగ్గించడానికి యోగాసనాలు, ప్రాణాయామం, ధ్యానం ఏ మేరకు తోడ్పడతాయన్నది వైద్య, మనస్తత్వ శాస్త్రాల పరిశోధనాంశం.

స్థానిక నేపథ్యం: తెలంగాణలో 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఉన్నాయి. మొదటి రెండింటిలో సేద్యం, భూపాలపల్లిలో సేద్యంతో పాటు సింగరేణి బొగ్గు గనులు ప్రధాన జీవనాధారాలు. వానల తీరు, అప్పులు, గనుల్లో షిఫ్టు పనులు ఇక్కడి ఒత్తిడికి కారణాలు. యోగం ఇక్కడి సాహిత్యంలోనూ కనిపిస్తుంది: జనగామ జిల్లా బమ్మెరకు చెందినవాడని ప్రసిద్ధికెక్కిన కవి పోతన రాసిన భాగవతం తృతీయ స్కంధంలో, కపిలుడు తల్లి దేవహూతికి యోగమార్గం బోధిస్తాడు.

పనిచేసే తీరు: ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది. నిదానంగా శ్వాసిస్తే పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ చురుకై శరీరం కుదుటపడుతుంది.

పరిశోధనలు: 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఎనిమిది వారాల ధ్యాన శిక్షణను రూపొందించారు. దీనిపై ఆరోగ్యవంతుల్లో జరిగిన 29 అధ్యయనాలను (2,668 మంది) 2015లో సమీక్షించగా, ఒత్తిడి గణనీయంగా తగ్గినట్లు తేలింది. యోగాపై ఫలితాలు కూడా చాలావరకు అనుకూలమే.

పరిమితులు: పలు అధ్యయనాలు చిన్నవి, ఒత్తిడిని ఎక్కువగా పాల్గొన్నవారి సమాధానాలతోనే కొలిచారు. వ్యాయామం వంటి ఇతర పద్ధతులతో పోల్చినప్పుడు తేడా తగ్గుతుంది. తీవ్రమైన కుంగుబాటుకు యోగా, ధ్యానం వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. అప్పు, పంటనష్టం వంటి మూలకారణాలను తొలగించవు.

ప్రచారం: ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది.