మోసినోళ్ల చరిత్ర: గత్తర నుంచి కరోనా దాకా

మా ఊరు కోరుట్ల కాడ. గత్తరొచ్చిన కాలం ముచ్చట చెప్పేటప్పుడు మా అవ్వ ఎంతమంది చచ్చిండ్రో చెప్పేది కాదు, ఎవరు మోసిండ్రో చెప్పేది. ఊళ్లె తలుపులన్నీ మూసుకున్నంక మాదిగవాడకు కబురొచ్చేది. చాటింపు వెయ్యాలన్నా, గుంత తవ్వాలన్నా, పీనుగను ఎత్తాలన్నా మనోళ్లే. అది వెట్టి, కూలి లేదు. రోగం అంటుకుంటే ఆ మనిషి రాత. వైద్య చరిత్రలో గత్తర ఉంటది, డాక్టరు ఉంటడు. ఈ మోసినోడు ఉండడు.

1897లో పూనా, బొంబాయిల్లో ప్లేగు రేగినప్పుడు బ్రిటిష్ సర్కారు అంటువ్యాధుల చట్టం తెచ్చింది. చట్టం కింద సదుద్దేశంతో పనిచేసిన వాళ్ల మీద దావా వేయరాదని అందులో ఒక సెక్షన్ పెట్టారు. రోగి దగ్గరికి పోయేవాడి ప్రాణానికి పూచీ మాత్రం ఎక్కడా లేదు. అదే ఏడు మార్చి 10న సావిత్రిబాయి ఫూలే చనిపోయింది. ముంఢ్వా మహర్‌వాడలో ప్లేగు తగిలిన పిల్లవాణ్ణి ఎత్తుకొని కొడుకు యశ్వంత్ నడిపే దవాఖానాకు చేర్చింది, ఆ రోగమే ఆమెకూ అంటింది. ఆమెను చదువులతల్లిగా తలుచుకుంటాం గానీ ఈ చావును వైద్య సేవలో జరిగిన చావుగా మనమూ రాసుకోలేదు.

ఇక మన జిల్లాకొద్దాం. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ పోరాటాన్ని భూమి, కూలి లెక్కల్లోనే రాస్తారు. వెట్టి బంద్ అంటే ‘నేను చెయ్య’ అనే హక్కు కూడా. ఊరి మురికినీ, ఊరి చావునూ మొయ్యనని చెప్పగలగడం. నా మట్టుకు నాకు అది ఆరోగ్య హక్కే.

2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా వాసులకు కరోనా తేలింది. ఇంటింటి సర్వే మొదలైంది. 2016లో జిల్లాలైన జగిత్యాల, సిరిసిల్లల్లోనూ గడప గడపకు తిరిగింది ఆశా కార్యకర్తలు. మోరీలు తీసి మందు పిచికారీ చేసింది సఫాయి కార్మికులు. 2005లో మొదలైన నాటి నుంచీ ఆశా అంటే సర్కారు లెక్కలో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు వచ్చినా అదే హోదా.

కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. ఆశాలు అందులో ఉన్నారు. ఊరి మోరీ తీసే పంచాయతీ కార్మికుడు లేడు. ఏప్రిల్‌లో 1897 చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చి డాక్టరు, నర్సు, పారామెడికల్, సామాజిక ఆరోగ్య కార్యకర్తలను పేరుపెట్టి రక్షించారు. సఫాయి అనే మాట అక్కడా కనబడదు. గ్రామ, పట్టణ సఫాయి కార్మికులకు రాష్ట్రం 5,000 రూపాయల ప్రోత్సాహకం ఇస్తానన్నది. చప్పట్లు సరేసరి.

జులైలో పక్కనే పెద్దపల్లిలో ఒక డాక్టరు స్వయంగా ట్రాక్టరు నడిపి కరోనా శవాన్ని శ్మశానానికి తీసుకుపోయిండు. ఫోటో దేశమంతా చూసింది. ఆయన చేసింది గొప్ప పనే, అందులో రెండో మాట లేదు. మున్సిపల్ డ్రైవరు బండెక్కనన్నడని పత్రికలు రాశాయి. మానవత్వం లేదని జనం తిట్టిపోశారు. అతనికి కిట్టు ఇచ్చిండ్రా, రేపు చస్తే ఇంట్లోవాళ్లకు ఏమిస్తరని ఎందరు అడిగిండ్రు? రోజూ మోసేటోడు ఎన్ని పీనుగులు మోసినా వార్త కాదు. ఒక్కనాడు ఎత్తనంటే అది వార్త. మోత అతని పుట్టుకతో వచ్చిన బాధ్యత అనుకుంటేనే గదా, కాదనడం నేరమయ్యేది!

ఊళ్లల్లో సంగతి వేరే. 2019 నాటి జీవో 51 పంచాయతీ కార్మికుణ్ణి ‘మల్టీపర్పస్ వర్కర్’ చేసింది. ఊడ్చేదీ అతనే, ట్రాక్టరు నడిపేదీ అతనే, అప్పట్లో 8,500కు. ఏ పని చెప్తే ఆ పని. ఈ మాట వింటే మా అవ్వ దానికి వేరే పేరు పెట్టేది. 2023 జులైలో పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు పర్మనెంట్ చెయ్యమని, కనీస వేతనం ఇవ్వమని, వాటితోపాటు ఈ మల్టీపర్పస్ పద్ధతి తీసెయ్యమని కూడా అడిగారు.