అలల విద్యుత్తు: ఆద్యులు

సముద్రపు అలల నుంచి శక్తిని రాబట్టడంలో తొలి గౌరవం ఎవరిదన్నది లెక్కగట్టే తీరును బట్టి మారుతుంది. పారిస్‌కు చెందిన గిరార్డ్ తండ్రీకొడుకులు 1799లో పొందిన పేటెంటును తొలి ఆధారంగా చూపడం పరిపాటి. ఆ యంత్రం కాగితం దాటినట్టు లేదు. 1910 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోనే ఒక ఇంటికి అలలతో దీపాలు వెలిగించారని కూడా అంటారు. సముద్రంలో నిలిచి, కొనేవారిని సంపాదించుకున్న పరికరమే గీటురాయి అనుకుంటే మాత్రం జపాన్ నౌకాదళ మాజీ అధికారి యోషియో మసుదా పేరే ముందు చెప్పాలి.

మసుదా ప్రయోగాలు 1940లలోనే మొదలయ్యాయని పలువురు రాశారు. నౌకలకు దారి చూపే దీపపు బోయాలను ఆయన అలలతోనే వెలిగించారు. 1965 నుంచి అవి అమ్మకానికి వచ్చాయి. అడుగు తెరిచిన గొట్టంలో నీరు లేస్తూ దిగుతూ పైనున్న గాలిని ఆడిస్తుంది, ఆ గాలి టర్బైనును తిప్పుతుంది. 1970ల చివర ఇదే సూత్రంతో 80 మీటర్ల 'కైమెయి' నౌకను పరీక్షించారు. విద్యుత్తు ఆశించినంత రాలేదు.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ సాల్టర్ (1938–2024) అలల శక్తిని కొలతలకు లొంగే శాస్త్రంగా మార్చారు. 1973 చమురు సంక్షోభం రోజుల్లో ఫ్లూతో పడుకున్న తనను, ఊరికే పడి ఉండే బదులు ఇంధన సమస్య సంగతి చూడమని భార్య పురమాయించిందని ఆయనే చెప్పేవారు. 1974లో 'నేచర్' పత్రికలో వ్యాసం వచ్చింది. ఆయన రూపొందించిన 'బాతు' అనే తేలే పరికరం ముందు భాగం అలతోపాటు ఊగుతుంది. వెనుక భాగం ఇరుసు చుట్టూ గుండ్రంగా ఉండడం వల్ల తిరిగినా వెనుక కొత్త అల పుట్టదు. ప్రయోగశాల తొట్టిలో, క్రమమైన అలల్లో, ఇది దాదాపు 90 శాతం శక్తిని గ్రహించింది. నడిసముద్రానికి ఆ అంకెను అన్వయించడం తగదు. బ్రిటన్ ప్రభుత్వం 1982లో ఈ పరిశోధనలకు నిధులు బాగా తగ్గించింది. విద్యుత్తు ఖరీదెక్కువన్నది అధికారిక కారణం. ఆ లెక్కలే తప్పని సాల్టర్ చివరిదాకా వాదించారు. ఇంకా రూపు కుదరని యంత్రానికి యూనిట్ ధర కట్టడం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న సాల్టర్ వైపే మొగ్గుతుంది.

సిద్ధాంతంలో నార్వేకు చెందిన షెల్ బుదాల్, యోహానెస్ ఫాల్నెస్‌ల పని కీలకం. నిలువుగా ఊగే చిన్న తేలుడు వస్తువు తన వెడల్పును మించిన అల నుంచి శక్తి లాగగలదని వారు 1975లో చూపారు. అలా శక్తి లాగగల అల వెడల్పుకు గరిష్ఠ హద్దు అలపొడవులో సుమారు ఆరో వంతు. బ్రిస్టల్‌లో డేవిడ్ ఎవాన్స్, అమెరికాలో జె.ఎన్. న్యూమన్ ఇంచుమించు అప్పుడే విడివిడిగా ఇదే ఫలితానికి చేరారు.

మసుదా తరహా గొట్టాల్లో గాలి ఎటు కదిలినా ఒకే దిక్కుకు తిరిగే టర్బైను బెల్‌ఫాస్ట్‌లో అలన్ వెల్స్ సృష్టి. ఐఐటీ మద్రాసు రూపకల్పనతో 1991లో కేరళలోని విళింజంలో నెలకొల్పిన 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రంలో దీన్నే అమర్చారు.