రెట్రోస్పెక్టివ్ అనే మాట రాకముందే: శ్రీహరికోట నేర్పిన పాఠం

ఎజైల్, స్క్రమ్ మీద మనం చేస్తున్న ఎపిసోడ్స్‌లో ఇది కొంచెం వేరే టైపు. ఇవాళ జిరా బోర్డులు, స్టోరీ పాయింట్లు ఉండవు. చరిత్ర మాట్లాడుకుందాం, అదీ మన నెల్లూరు తీరం చరిత్ర. ప్రశ్న మాత్రం ఒక్కటే. టీమ్ ఫెయిల్ అయ్యాక ఆ గదిలో నిజం బయటికి రావాలంటే ఏం కావాలి?

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. స్క్రమ్ అనే మాట రగ్బీ ఆట నుంచి వచ్చింది. 1986లో తకెయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. కొత్త ప్రోడక్ట్ చేసే టీమ్‌లు రిలే పరుగులా ఒకరి తర్వాత ఒకరు కాకుండా, రగ్బీ టీమ్‌లా అందరూ కలిసి ముందుకు కదలాలన్నారు. 1995లో కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ దాన్ని సాఫ్ట్‌వేర్ పద్ధతిగా ఒక సదస్సులో వివరించారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాశారు. దానికి తోడు 12 సూత్రాలు వచ్చాయి. ఆఖరి సూత్రం చెప్పేది ఏంటంటే, టీమ్ అప్పుడప్పుడు ఆగి తన పని తీరు చూసుకుని, దాన్ని సరిదిద్దుకోవాలి. మనం రెట్రో అని పిలిచే మీటింగ్‌కి మూలం ఇదే.

కానీ చాలా ఆఫీసుల్లో రెట్రో ఎలా జరుగుతుందో మీకు తెలుసు. బాగా జరిగింది ఏంటి, జరగనిది ఏంటి అని రెండు కాలమ్‌లు. మేనేజర్ కాల్‌లో ఉంటాడు. అందరూ మ్యూట్‌లో ఉంటారు. చివరికి "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని ఒక చీటీ. మళ్లీ రెండు వారాలకు అదే చీటీ. ఆ మౌనం ఎందుకో అర్థం కావాలంటే 1979కి వెళ్దాం.

సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డు ఎక్కితే శ్రీహరికోట వస్తుంది. ఇటు సరస్సు, అటు బంగాళాఖాతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక ఇది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, అప్పటిదాకా నెల్లూరు జిల్లాదే. మన వాళ్లు ఇప్పటికీ "షార్" అనే అంటారు. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది.

1979 ఆగస్టు 10. ఎస్‌ఎల్‌వి-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలు. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. మొదటి దశ బాగా పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లలో కథ అయిపోయింది, రాకెట్ సముద్రంలో పడింది.

తర్వాత విశ్లేషణ మొదలైంది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో నైట్రిక్ యాసిడ్ ట్యాంక్ ఉంటుంది. లాంచ్‌కి 8 నిమిషాల ముందు ఇచ్చిన కమాండ్‌కి ఒక వాల్వ్ తెరుచుకుంది. లోపల మురికి చేరడం వల్ల అది మళ్లీ మూసుకోలేదు. యాసిడ్ కారిపోయింది. పైకి వెళ్లాక కంట్రోల్ కావాల్సి వచ్చినప్పుడు ఇవ్వడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

టెక్నికల్‌గా కారణం దొరికింది. రిపోర్ట్ కూడా ఒప్పుకున్నారు. ఫైల్ మూసేయొచ్చు. కానీ కలాం తన ఆత్మకథలో రాసిన దాని ప్రకారం, ఆ మీటింగ్‌లో ఆయన లేచి నిలబడ్డారు. కౌంట్‌డౌన్ చివర్లో లీక్ కనిపించిందని, దాన్ని చిన్న విషయంగా తీసుకున్న నిర్ణయం తనదేనని, మిషన్ డైరెక్టర్‌గా తానే లాంచ్ ఆపాల్సిందని చెప్పారు. గమనించండి, వాల్వ్ తయారు చేసినవాళ్ల పేరు గానీ, దాన్ని శుభ్రం చేయాల్సిన వాళ్ల పేరు గానీ ఆయన ఎత్తలేదు.

ఆయన పైన ఉన్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. ఫెయిల్ అయిన రోజు ప్రెస్ ముందుకి ఆయనే వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారని కలాం ఎన్నో సభల్లో చెప్పారు. పేపర్లలో విమర్శలు, కార్టూన్లు వచ్చాయి. అయినా ప్రాజెక్ట్ డైరెక్టర్‌ని మార్చలేదు. అదే టీమ్ 1980 జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ప్రెస్ ముందు మాట్లాడమని ధావన్ కలాంని పంపారు.

ఈ కథ చాలామంది మంచి బాస్ కథగా చెప్తారు. నాకు అంతకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. బయటి నింద ఛైర్మన్ దగ్గర ఆగింది. లోపలి నింద ప్రాజెక్ట్ డైరెక్టర్ దగ్గర ఆగింది. అందుకే కింద ఉన్న ఇంజనీర్ వాల్వ్ గురించి, యాసిడ్ గురించి భయం లేకుండా మాట్లాడగలడు. నింద కిందికి జారే చోట డేటా పైకి రాదు.

అయితే ఒక్క రెట్రోతో అన్నీ సెట్ అయిపోవు. తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వి చూడండి. 1987 మార్చి 24న పక్క బూస్టర్లు ఆరిపోయాక మెయిన్ మోటార్ మండలేదు. 1988 జులై 13న అది మండింది, కానీ రాకెట్ అదుపు తప్పి విరిగిపోయింది. అంటే మొదటి సమస్యకి జవాబు దొరికింది గానీ, దాని వెనక ఉన్న పెద్ద సమస్య అలాగే ఉండిపోయింది. ఈసారి ప్రొఫెసర్ రొద్దం నరసింహ నాయకత్వంలో బయటి నిపుణుల ప్యానెల్ కూడా డిజైన్‌ని చూసింది. స్థిరత్వం కోసం రెక్కలు కలిపారు. దాదాపు నాలుగేళ్లు పట్టింది. 1992 మే 20న ఉపగ్రహం కక్ష్య చేరింది.

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి దగ్గరైనది 1993 సెప్టెంబర్ 20. పీఎస్‌ఎల్‌వి మొదటి ప్రయోగం. దశలు విడిపోయేటప్పుడు రాకెట్‌కి కుదుపు వచ్చింది. దాన్ని సర్దాల్సిన కంట్రోల్ కోడ్‌లో ఒక లోపం, లెక్క దాని పరిమితి దాటిపోయింది. రాకెట్ పోయింది. బగ్ వెతికారు, సరిచేశారు. 1994 అక్టోబర్ 15న, 13 నెలల్లోపే, రెండో పీఎస్‌ఎల్‌వి గెలిచింది. తర్వాత చంద్రయాన్-1ని, మంగళయాన్‌ని మోసింది ఈ వాహనమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇస్రో ఎజైల్ చేసింది అని నేను అనడం లేదు. రాకెట్ లేచాక హాట్‌ఫిక్స్ పెట్టలేం. వాళ్ల దగ్గర రివ్యూలు, డాక్యుమెంట్లు, టెస్టులు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్టాండప్, స్ప్రింట్ అనే మాటలే అక్కడ లేవు. ఆ మాటలు లేకుండానే అసలు పని జరిగింది. మన దగ్గర మాటలన్నీ ఉన్నాయి, పనే చాలాసార్లు జరగదు.

మరి మన టీమ్‌లో ఏం చేయొచ్చు? మూడు విషయాలు.

ఒకటి, ప్రొడక్షన్ పడిపోయినప్పుడు క్లయింట్ కాల్‌లో లీడ్ మాట్లాడాలి. కోడ్ రాసిన ఫ్రెషర్‌ని ముందుకి తోయకూడదు. రిలీజ్ బాగా వెళ్లినప్పుడు డెమో ఆ ఫ్రెషర్ చేతికి ఇవ్వాలి.

రెండు, రెట్రోలో మొదట మాట్లాడాల్సింది పెద్ద హోదాలో ఉన్నవాళ్లే. "ఈ అలర్ట్ నేను చూశాను, పర్లేదనుకున్నాను" అని లీడ్ అంటే, మిగతావాళ్ల మ్యూట్ దానంతటదే తీస్తారు.

మూడు, రెట్రోలో తేలింది తర్వాతి స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో కనపడాలి. వాల్వ్ కథ రిపోర్ట్‌లోనే ఉండిపోతే 1980 జులై వచ్చేది కాదు. ఒకే సమస్య రెండోసారి వస్తే, లోపలివాళ్లతోనే సరిపెట్టుకోకుండా పక్క టీమ్ వాళ్లని కూడా పిలవండి.

2002లో ధావన్ చనిపోయాక, షార్‌కి ఆయన పేరే పెట్టారు. ఎన్నో విజయాలు చూసిన ఆ చోటుకి, ఓటమి రోజు ముందుకొచ్చి నిలబడ్డ మనిషి పేరు ఉండటం నాకు భలే నచ్చుతుంది.

మీ టీమ్‌లో రెట్రో నిజంగా పనిచేసిన రోజు ఉంటే, ఆ రోజు మొదట నోరు విప్పింది ఎవరో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎస్టిమేషన్ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.