వాల్తేరు మిట్ట మీద కట్టమంచి

1942 ఏప్రిల్ 6, సోమవారం. వాల్తేరు అప్‌లాండ్స్ ఎర్రమట్టి మీద నిలబడండి. ఎండ దంచేస్తోంది. ఎదురుగా బంగాళాఖాతం, కుడివైపు దూరంగా యారాడ కొండ, దాని పక్కన తొమ్మిదేళ్ల కిందట తెరిచిన హార్బరు. ముందు మోత వినిపిస్తుంది, ఆ తర్వాతే విమానాలు కంటపడతాయి. జపానువి. రేవు వైపు పొగ లేస్తుంది. ఇదే రోజు కాకినాడ మీదా బాంబులు పడతాయి. విశాఖపట్నంలో జనం చేతికందింది మూటగట్టుకుని ఊరు విడుస్తున్నారు.

మీ వెనకాల ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం. దానికి పదహారేళ్లు. దాని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డికి అరవై ఒకటి.

1926లో బెజవాడలో దీన్ని మొదలుపెట్టినప్పుడు తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, కేంబ్రిడ్జి వెళ్లొచ్చిన మనిషి. కేంద్రం ఏ ఊళ్లో ఉండాలన్న తగువులు తెమిలి 1930లో విశ్వవిద్యాలయం ఈ మిట్టకు చేరింది. ఇక స్థిమితంగా పని చేసుకోవచ్చు అనుకునే వేళకు ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. సత్యాగ్రహుల మీద సర్కారు విరుచుకుపడ్డ తీరుకు నిరసనగా ఆయన రాజీనామా ఇచ్చేశారు. తన చేత్తో నాటిన మొక్కను వదిలి వెళ్లడం తేలికైన పని కాదు. ఆ స్థానంలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, అయిదేళ్లు బ్రహ్మాండంగా నడిపారు. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిపోయాక కట్టమంచి మళ్లీ వచ్చి కూర్చున్నారు.

రండి, సైన్సు కళాశాలలోకి వెళదాం. దానికి జయపురం మహారాజా విక్రమదేవవర్మ పేరు. ఏటా లక్ష రూపాయలు ఇస్తున్న దాత ఆయన. ఇక్కడ భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి. పువ్వుల్లోని రంగు పదార్థాలను ఒక్కొక్కటే విడదీసి, వాటి నిర్మాణం తేల్చడం శేషాద్రి బృందం పని. ఆ ప్రయోగశాలను ఇప్పుడు విప్పాలి. కట్టడాలు సైన్యానికి కావాలి, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలాలి.

సర్దుతున్న చేతుల్ని ఊహించుకోండి. కండెన్సర్లు, బ్యూరెట్లు, మెడ సన్నని ఫ్లాస్కులు. ఒక్కోదానికి వరిగడ్డి చుట్టాలి, మధ్యలో ఖాళీ లేకుండా చెక్కపెట్టెలో కుక్కాలి, మేకు కొట్టేటప్పుడు అదురు తగలకుండా చూడాలి. యుద్ధకాలంలో ఒక్క గాజుగొట్టం పగిలినా మరొకటి దొరకడం కష్టం. సీసాల మీది చీటీలు చిరగకూడదు, నెలల పాటు చేసిన పని ఆ గుప్పెడు పొడిలోనే ఉంటుంది. పుస్తకాలు, రిజిస్టర్లు, మార్కుల జాబితాలు కూడా కదలాలి. పరీక్ష రాసిన కుర్రవాడికి పట్టా మాత్రం ఆగకూడదు.

కట్టమంచి పేరు చెప్పగానే మనవాళ్లకు ఆయన విమర్శ గ్రంథం 'కవిత్వ తత్త్వ విచారము' గుర్తొస్తుంది, లేదా ఆ రాజీనామా. రెండూ తలుచుకోదగ్గవే. నాకు మాత్రం గుంటూరు సంవత్సరాల మీద అంతకు మించిన గౌరవం. రాజీనామాకు ఒక్క రోజు తెగువ చాలు. పరాయి ఊళ్లో, తాత్కాలిక వసతుల్లో, ఎప్పుడు తిరిగి వెళతామో తెలియని స్థితిలో పాఠాలు, పరీక్షలు, పరిశోధన ఆగిపోకుండా చూడటానికి రోజూ తెగువ కావాలి. ఆ పనికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. అదే 1942లో ఆయన పేరు ముందు 'సర్' చేరింది. ఒకప్పుడు ప్రభుత్వం మీద నిరసనతో పదవి వదిలిన మనిషి అదే ప్రభుత్వం ఇచ్చిన బిరుదు పుచ్చుకోవడం కొందరికి మింగుడుపడక పోవచ్చు. ఆయన చేసిన చాకిరీ మాత్రం దానివల్ల ఒక వీసమైనా తగ్గదు.

గుంటూరులో శేషాద్రి దొరికిన సామానుతోనే మళ్లీ ప్రయోగశాల నిలబెట్టారు. పరిశోధన సాగింది. యుద్ధం ముగిశాక, 1946లో, పెట్టెలు మళ్లీ వాల్తేరు దారి పట్టాయి. ఈ మిట్ట మీదే వాటి మేకులు పీకి, గడ్డి దులిపి, పగిలినవేవో మిగిలినవేవో లెక్క చూసుకోవాలి. సైన్యం వాడి వదిలిన గదుల్ని మళ్లీ తరగతి గదులుగా మార్చాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున కూడా వైస్ ఛాన్సలర్ కుర్చీలో ఆయనే ఉన్నారు.

1949లో దిగారు. రెండు విడతలూ కలిపితే దాదాపు పద్ధెనిమిదేళ్లు. అప్పటికి అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఇంటిపట్టున కూర్చోలేదు. పడుచుతనంలో మహారాజా కళాశాల ప్రిన్సిపల్‌గా పనిచేసిన మైసూరుకే వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయానికి ప్రో-ఛాన్సలర్ అయ్యారు. వాల్తేరులో ఆయన తర్వాత ఆ బాధ్యత వాసిరెడ్డి శ్రీకృష్ణకు దక్కింది. ఆయన బయటి నుంచి రాలేదు, అదే విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన మాస్టారు.