ఆటపెట్టెపై అచ్చుచీటి

పాత యంత్రమును బాగుచేయువారు మొదట చక్రములను, తీగలను, స్ప్రింగులను చూతురు. దానికి అంటించిన కాగితపు చీటి వారి కంటికి చివరగా ఆనును. కాని ఆ యంత్రము ఏ కాలమున, ఎట్టి చట్టముల నడుమ మెలగినదో చెప్పునది ఒక్కొక్కప్పుడు ఆ చీటియే. అమెరికాలోని పిన్‌బాల్ ఆటపెట్టెల కథ ఇందుకు చక్కని తార్కాణము.

వాలుబల్లపై, అద్దము క్రింద, ఉక్కుగుండును దొర్లించి ఆడు ఆట పిన్‌బాల్. 18వ శతాబ్దిలో ఫ్రాన్సున ఆడిన బాగాటెల్ దీనికి మూలము. 1871లో సిన్సినాటి నగరమందలి మాంటేగ్ రెడ్‌గ్రేవ్, స్ప్రింగు కడ్డీతో గుండును తోయుట మున్నగు మెరుగులకు పేటెంటు పొందెను. 1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ అను పెట్టెను వెలువరించెను. ఆర్థికమాంద్యపు దినములలో చిల్లర నాణెముతో దొరకు ఆ వినోదము దుకాణము వెంట దుకాణమునకు ప్రాకెను. 1947లో ఆ సంస్థవారే ‘హంప్టీ డంప్టీ’ యందు, ఆటగాడు మీట నొక్కి గుండును మరల పైకి కొట్టుటకు వీలగు ఆరు ఫ్లిప్పర్లను అమర్చిరి.

ఇంతకు ఇది నేర్పా, జూదమా? ఈ ప్రశ్న యంత్రమును చిరకాలము వెంటాడినది. న్యూయార్కు నగరము 1942లో దీనిని నిషేధించెను. 1976లో రోజర్ షార్ప్ అను ఆటగాడు నగరసభవారి యెదుట ఆడి చూపి, ఇది నేర్పుతో కూడినదని ఒప్పించిన పిమ్మటనే ఆ నిషేధము తొలగినది. ఎక్కువ అంకెలు సాధించినవారికి ఉచితముగా మరొక ఆట నిచ్చుటయు బహుమానమే, కావున జూదమే యని కొన్నిచోట్ల తలచిరి. అట్టి ప్రదేశముల కొరకు గాట్లీబ్ సంస్థ 1960లో ‘ఫ్లిప్పర్’ అను పెట్టెను తెచ్చినది. అందు గెలిచినవానికి మరొక ఆటకు బదులు, ఆడుచున్న ఆటలోనే అదనముగా ఒక గుండు లభించును. యంత్రము మారగా, దానిపై నియమములు తెలుపు చీటియు మారినది. ఆ రెండు పంక్తుల తేడాలో ఒక వివాదము దాగియున్నది.

నేడు ఈ చీటీలు పొగచూరి, చెమ్మతగిలి, వెలిసిపోయి దొరకుచున్నవి. పునరుద్ధరించువారు చీటి ప్రక్కన కొలబద్ద నుంచి, అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కానరుతో ప్రతిబింబము తీయుదురు. కొలబద్ద యున్నచో తిరిగి అచ్చువేయునపుడు పరిమాణము తప్పదు. అసలు రంగు తెలియుటకు, లోహపు చట్రము క్రింద వెలుగు సోకక మిగిలిన అంచును పరీక్షింతురు. పిదప కంప్యూటరులో మరకలను తుడిచి, అక్షరముల రూపురేఖలను ఒక్కొక్కటిగా మరల గీయుదురు. అక్షరపు అచ్చు పోలిక తప్పినచో, తెలిసిన కన్ను వెంటనే పట్టును.

ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. పెట్టె లోపల ఫ్యూజుల కొలతలు తెలుపు చీటి యుండును. చెరిగిన 10ని 15గా చదివి అచ్చువేసినచో, కరగవలసిన వేళ ఫ్యూజు కరగదు; తీగ కాలును. కావున అట్టి అంకెను ఊహింపరాదు. ఆ నమూనా తీగల పటముతోగాని, మరొక అసలు ప్రతితోగాని సరిచూడవలెను. రెండవది సత్యమునకు సంబంధించినది. అసలు చీటిలో అచ్చుతప్పు ఉన్నచో దానిని దిద్దుటకు చేయి ఉవ్విళ్ళూరును. కాని దిద్దిన చీటి అందముగా నుండును గాని సాక్ష్యము కాజాలదు. కొత్త చీటిని పాతదానివలె మాయజేయుట అంతకంటె దోషము. మూలమున ఒక చిన్న గుర్తు, పునర్ముద్రణ సంవత్సరము వేయుట, అసలు చీటిని కవరులో భద్రపరచుట న్యాయమైన మార్గము.

మన ఇండ్లలో పాత వాల్వు రేడియో ఉన్నచో, పెట్టె లోపల వాల్వుల స్థానములు చూపు కాగితము ఉండవచ్చును. అదియు ఇట్టిదే. దుమ్ము దులుపునపుడు దానిని చించి పారవేయకుడు. యంత్రమును మరల చేయవచ్చును. అది మన మధ్య ఎట్లు మసలినదో చెప్పు మాట ఆ కాగితముతోనే పోవును.