బాల్కో అమ్మకం: చేతులు మారింది వాటాలేనా?

ప్రభుత్వరంగ కంపెనీల అమ్మకం మీద మన దేశంలో చర్చ చాలానే జరిగింది. ఐతే ఆ చర్చలో ఎక్కువ భాగం ధర చుట్టూనే తిరిగింది. ఎంతకు అమ్మారు, ఎంతకు అమ్మాల్సింది అన్న లెక్కలే వేశారు. కంపెనీ చేతులు మారిన మర్నాడు అదే గేటులోంచి పనికెళ్లిన దళిత, ఆదివాసీ కార్మికుడికి ఏం మిగిలింది, ఏం పోయింది అన్న లెక్క మాత్రం వెనక్కి పోయింది. ఆ లెక్క వేయాలంటే బాల్కో చరిత్ర చూడాలి.

భారత్ అల్యూమినియం కంపెనీ 1965లో ఏర్పడింది. దాని ఫ్యాక్టరీ ఉన్న కోర్బా అప్పుడు మధ్యప్రదేశ్‌లో, 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. అది ఐదవ షెడ్యూలు ప్రాంతం, అంటే ఆదివాసుల నేల. 2001 మార్చి 2న కేంద్ర ప్రభుత్వం 51 శాతం వాటాను 551.5 కోట్ల రూపాయలకు స్టెరిలైట్ ఇండస్ట్రీస్‌కు రాసిచ్చింది. అప్పటికి కంపెనీలో సుమారు 7 వేల మంది పనిచేస్తున్నారు. మర్నాడే సమ్మె మొదలైంది. వేర్వేరు రంగుల జెండాల సంఘాలు ఒక్కటై 67 రోజులు నిలబడ్డాయి. చివరికి కేసు సుప్రీంకోర్టు తేల్చాల్సిందిగా మిగిలింది.

ఇక్కడ కార్మికులు ఎత్తిన ప్రశ్న జీతం గురించి మాత్రమే కాదు. రాజ్యాంగం 12వ అధికరణ ప్రకారం ప్రభుత్వ కంపెనీ కూడా 'రాజ్యం' కిందికే వస్తుంది. కాబట్టి అందులో పనిచేసేవాడికి 14, 16 అధికరణల రక్షణ ఉంటుంది. అన్యాయం జరిగితే నేరుగా హైకోర్టు గడప తొక్కొచ్చు. నియామకాల్లో రోస్టరు ఉంటుంది. పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు 1995లో 77వ సవరణ దారి వేసింది. ఆ దారి పడిన ఆరేళ్లకే బాల్కోలో అది మూసుకుపోయింది. కార్మికుడు ఉన్న చోటనే ఉన్నాడు, రాజ్యాంగమే ఫ్యాక్టరీ గేటు దాటి బయటికెళ్లిపోయింది.

2001 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాటాలు అమ్ముకోవడం ప్రభుత్వ ఆర్థిక విధానమనీ, అమ్మే ముందు కార్మికుల మాట వినాల్సిన పని లేదనీ తేల్చింది. రాజ్యాంగ రక్షణ పోతుందన్న వాదన అమ్మకాన్ని ఆపడానికి చాలదంది. ఒప్పందంలో ఏడాది వరకూ ఎవర్నీ తొలగించకూడదన్న షరతు ఉంది. ఎస్సీ, ఎస్టీలకు తగిన ఉద్యోగావకాశాలు కల్పించడానికి కొత్త యజమాని 'శాయశక్తులా ప్రయత్నించాలి' అన్న అర్థంలో ఒక షరతూ ఉంది. ఈ రెండు మాటల మధ్య తేడా మనం గమనించాలి. నిన్నటిదాకా హక్కుగా ఉన్నది ఇవాళ యజమాని ప్రయత్నమైపోయింది. హక్కు దక్కకపోతే కోర్టుకు పోవచ్చు. ప్రయత్నం సరిగా చేయలేదని ఏ దళితుడు ఏ కోర్టులో రుజువు చేస్తాడు? 49 శాతం వాటా ఇంకా ప్రభుత్వం దగ్గరే ఉన్నా ఆ హక్కు నిలవలేదు.

ఈ కథలో మన తెలుగు నేలకూ చోటుంది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో ఆదివాసుల భూముల్ని గనులకు లీజుకివ్వడాన్ని సమత సంస్థ సవాలు చేసింది. 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఆదివాసేతరులకు భూమి ఇవ్వకూడదని చెప్పింది. కోర్బా భూమి విషయంలో ఆ తీర్పునే అడ్డం పెట్టారు. మధ్యప్రదేశ్ చట్టం వేరు, ఆంధ్ర చట్టం వేరు అని కోర్టు ఆ వాదనను పక్కన పెట్టింది. సమత తీర్పు మీదనే తన అభ్యంతరాన్ని కూడా రాసింది. అంటే ఒకే అమ్మకంలో దళితుడికి రోస్టరు, ఆదివాసికి నేల మీద ఉన్న ఆసరా రెండూ సడలాయి.

ఇలాగని అమ్మకానికి ముందు అంతా బాగుండేదని కాదు. ప్రభుత్వ కంపెనీలూ ఆదివాసుల నేల మీదనే లేచాయి. వాటిలో దళితులు ఎక్కువగా కింది మెట్టు మీదనే ఉండిపోయారు. రోస్టరు పర్మినెంటు ఉద్యోగానికే గానీ కాంట్రాక్టు కూలీకి లేదు. 2009 సెప్టెంబరు 23న కోర్బాలో బాల్కో విద్యుత్ కేంద్రం కోసం కడుతున్న చిమ్నీ కూలి 40 మందికి పైగా కూలీలు చనిపోయారు. ఏ రోస్టరులోనూ లేని మనుషులు వాళ్లు. ఐనా, మా వాడల్లో మొదటితరం చదువుకున్నవాళ్లకు పబ్లిక్ సెక్టార్ ఉద్యోగం అంటే ఊరి పెద్దల దయతో వచ్చినది కాదు, రాజ్యాంగం చెప్పింది గనుక వచ్చినది. 1947లో అంబేద్కర్ కీలక పరిశ్రమలు రాజ్యం చేతుల్లోనే ఉండాలని, ఆ మాట రాజ్యాంగంలోనే రాయాలని కోరడం ఊరికే కాదు. చట్టసభలో మెజారిటీ మారితే మారిపోయేదాన్ని ఆయన నమ్మలేదు.

బాల్కో తర్వాత ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట వచ్చింది. 2006లో పారిశ్రామికవేత్తల సంఘాలు స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. చట్టం మాత్రం రాలేదు. 2021 జనవరి 27న విశాఖ ఉక్కు కర్మాగారం వాటాలన్నీ అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అక్కడ కూడా ధర, నష్టం, భూమి విలువ అన్న మాటలే ముందుకొస్తున్నాయి. అమ్మకాన్ని ఎదిరించే సంఘాలు తమ డిమాండ్ల పట్టికలో రోస్టరును ఎన్నో అంకె కింద రాస్తాయి? బాల్కో చరిత్ర మన ముందు పెడుతున్న ప్రశ్న అదే.