క్లోమ క్యాన్సర్ పరిశోధనలో ప్రయోగశాల నమూనాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

క్లోమ క్యాన్సర్‌కు రూపొందించిన మందును రోగికి ఇచ్చే ముందు ప్రయోగశాలలోని ఒక నమూనాపై పరీక్షిస్తారు. సెల్‌లైన్లు, హామ్‌స్టర్లు, జన్యుమార్పిడి చిట్టెలుకలు, ఆర్గనాయిడ్లు కాలక్రమంలో ఈ పాత్రను నిర్వహించాయి. ప్రతి నమూనా వ్యాధిలోని కొన్ని అంశాలను చూపి, మరికొన్నింటిని మరుగుపరచింది. ఈ పరిణామాన్ని, 2009–2014 మధ్య జరిగిన ఒక ఉదంతం ఆధారంగా, ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: క్లోమ క్యాన్సర్, సెల్‌లైన్, కేపీసీ చిట్టెలుక, స్ట్రోమా, ఆర్గనాయిడ్

1. ఉపోద్ఘాతం

క్లోమం పొట్ట లోపల, జీర్ణాశయానికి వెనుక ఉండే గ్రంథి. అక్కడ పుట్టిన క్యాన్సర్ చాలాకాలం బయటపడదు. కామెర్లు, బరువు తగ్గడం, వెన్నునొప్పి వంటి లక్షణాలు కనిపించేసరికి ఎక్కువమందికి శస్త్రచికిత్స చేసే అవకాశం దాటిపోతుంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం అమెరికాలో వ్యాధి నిర్ధారణ తర్వాత ఐదేళ్లు జీవించేవారు 13 శాతం. తొలిదశ వ్యాధి మనిషిలో అరుదుగా దొరుకుతుంది కనుక, దాని ఆరంభాన్ని తెలుసుకోవడానికి పరిశోధకులు నమూనాలపైనే ఆధారపడవలసి వచ్చింది.

2. గాజుపాత్రలో కణాలు

మనిషి క్యాన్సర్ కణాలను శరీరం వెలుపల నిరంతరంగా పెంచవచ్చని 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జార్జ్ గే హీలా కణాలతో నిరూపించారు. క్లోమ క్యాన్సర్ విషయంలో ఈ పద్ధతి 1970 దశకంలో ఫలించింది. ప్యాంక్-1 సెల్‌లైన్ వివరాలు 1975లోనూ, మియా పాకా-2 వివరాలు 1977లోనూ వెలువడ్డాయి. మొదటిది 56 ఏళ్ల పురుషుడి కణితి నుంచి, రెండవది 65 ఏళ్ల పురుషుడి కణితి నుంచి తీసినవి. ఇవి నేటికీ ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్నాయి.

సెల్‌లైన్‌తో ఒకేసారి అనేక మందులను తక్కువ ఖర్చుతో పరీక్షించవచ్చు. అయితే రోగి శరీరంలోని కణితిలో క్యాన్సర్ కణాలు తరచుగా అల్పసంఖ్యాకమే. మిగిలిన భాగమంతా స్ట్రోమా అనే దట్టమైన పీచు కణజాలం, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు. పాత్రలో పెరిగే కణాల చుట్టూ వీటిలో ఏదీ ఉండదు.

3. జంతు నమూనాలు

1969లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు రైగార్డ్, పోవ్ల్‌సెన్ థైమస్ గ్రంథి లేని వెంట్రుకలు రాని చిట్టెలుకలలో మనిషి పెద్దపేగు కణితిని నాటి పెంచగలిగారు. తరువాత క్లోమ కణితులకూ ఇదే విధానం వర్తించింది. పరాయి కణజాలాన్ని తిరస్కరించే శక్తి లేకపోవడమే ఈ చిట్టెలుకల ప్రయోజనం. అదే వాటి లోపం కూడా.

1970 దశకంలో అమెరికాలోని నెబ్రాస్కాలో పర్విజ్ పూర్ బృందం సిరియన్ హామ్‌స్టర్లకు ఒక నైట్రోసమైన్ రసాయనాన్ని ఇచ్చి, మనిషి వ్యాధిని పోలిన క్లోమనాళ కణితులను కలిగించింది. 1988లో మనిషి క్లోమ కణితులలో అత్యధికం కేరాస్ జన్యువులో ఉత్పరివర్తన కలిగి ఉన్నాయని తేలింది. దీనితో రసాయనాలకు బదులు జన్యువు ద్వారానే వ్యాధిని పుట్టించే మార్గం తెరుచుకుంది. 2003లో సునీల్ హింగోరాణీ, డేవిడ్ ట్యూవ్సన్ తదితరులు చిట్టెలుక క్లోమంలో ఉత్పరివర్తన చెందిన కేరాస్ పనిచేసేలా చేసి, క్యాన్సర్‌కు పూర్వదశ మార్పులను చూపారు. 2005లో దానికి పీ53 జన్యువు ఉత్పరివర్తనను జోడించారు. ఇదే కేపీసీ చిట్టెలుక. దీని కణితి సొంత క్లోమంలోనే, రోగనిరోధక శక్తి ఉన్న శరీరంలో, దట్టమైన స్ట్రోమాతో పెరుగుతుంది.

4. ఒక నమూనా, రెండు సమాధానాలు

1997లో ప్రచురితమైన 126 మంది రోగుల పరీక్షలో జెమ్‌సైటబీన్ పొందినవారి మధ్యస్థ జీవితకాలం 5.65 నెలలు, పాత మందు పొందినవారిది 4.41 నెలలు. అంటే వ్యత్యాసం ఐదు వారాలకు కొద్దిగా ఎక్కువ. 2009లో కెన్నెత్ ఆలివ్ తదితరులు ఈ మందును రెండు రకాల చిట్టెలుకలలో పోల్చి చూశారు. నాటిన కణితులు మందుకు స్పందించాయి. కేపీసీ కణితులు, రోగుల కణితుల వలెనే, చాలావరకు స్పందించలేదు. వాటిలో రక్తనాళాలు తక్కువ కావడంతో మందు లోపలికి సరిగా చేరడం లేదని వారు గుర్తించారు. స్ట్రోమాను తగ్గించే హెడ్జ్‌హాగ్ నిరోధకాన్ని జతచేయగా మధ్యస్థ జీవితకాలం 11 నుంచి 25 రోజులకు పెరిగింది.

ఆ ఫలితం రోగులపై పరీక్షకు దారితీసింది. కానీ 2012 జనవరిలో ఆ పరీక్షను నిలిపివేశారు. జెమ్‌సైటబీన్‌కు తోడు కొత్త మందు పొందినవారు, ప్లాసిబో పొందినవారి కంటే తక్కువ కాలం జీవించారు.

దీనికి వివరణ మళ్లీ చిట్టెలుకలలోనే దొరికింది. హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఇచ్చే జన్యువును తొలగిస్తే స్ట్రోమా తగ్గి, కణితి మరింత ఉగ్రమవుతుందని 2014లో వెలువడిన పరిశోధన చూపింది. అదే ఏడాది మరో బృందం స్ట్రోమాలోని ఒక రకం కణాలను నిర్మూలించి ఇదే నిర్ధారణకు వచ్చింది. 2009లో పరిశోధకులు అడిగినది ఏర్పడిన కణితిలోకి మందు చేరుతుందా అనే ప్రశ్న. స్ట్రోమా దీర్ఘకాలం లేకపోతే వ్యాధి ఏమవుతుందనే ప్రశ్నను 2014లోనే అడిగారు. ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించినది రోగులు.

5. ఆర్గనాయిడ్లు

2015లో హాన్స్ క్లెవర్స్, ట్యూవ్సన్ బృందాలు క్లోమ కణజాలం నుంచి ఆర్గనాయిడ్లను, అంటే త్రిపరిమాణ సూక్ష్మ కణసముదాయాలను, పెంచే పద్ధతిని ప్రకటించాయి. 2018లో 66 ఆర్గనాయిడ్ల సంచయంపై మందులను పరీక్షించి, రోగుల స్పందనతో పోల్చారు. రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే అంచనా వేసే అవకాశం దీనితో ఏర్పడింది. అయితే ఆర్గనాయిడ్‌లోనూ స్ట్రోమా లేదు. 2017లో ఆర్గనాయిడ్లను స్ట్రోమా కణాలతో కలిపి పెంచినప్పుడు, ఆ కణాలలోనే భిన్న స్వభావాలు గల ఉపజాతులున్నాయని తేలింది. స్ట్రోమా మొత్తాన్ని ఒకే శత్రువుగా భావించిన పూర్వపు అవగాహనను ఇది సవరించింది.

ముగింపు

ఈ చరిత్రలో కొత్త నమూనా వచ్చినంత మాత్రాన పాతది అంతరించలేదు. మందుల తొలి వడపోతకు సెల్‌లైన్, వ్యాధి ఆరంభాన్ని గమనించడానికి కేపీసీ చిట్టెలుక, రోగి ప్రత్యేకతను గుర్తించడానికి ఆర్గనాయిడ్ నేటికీ ఉపకరిస్తున్నాయి. నమూనా ఫలితాన్ని రోగి వద్దకు తీసుకుపోయే ముందు, ఆ నమూనాలో వ్యాధిలోని ఏ భాగం లేదో, ప్రయోగం ఎంతకాలం సాగిందో, ఏ ప్రశ్న అడగకుండా మిగిలిందో విచారించవలసిన అవసరాన్ని 2012 వైఫల్యం స్పష్టం చేస్తోంది.